ఓడలోకి ఏ పుస్తకం?

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో సెలవులంటే కారు డిక్కీలో పులిహోర, పెరుగన్నం సర్దుకుని నయాగరాకో, గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరడం. ఇప్పుడు నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే చాలు, "ఈసారి క్రూజ్‌కి వెళ్దామా?" అంటున్నారు. అందులో సుఖం లేకపోలేదు. వండక్కర్లేదు, డ్రైవ్ చెయ్యక్కర్లేదు, పిల్లలు ఎక్కడికీ పారిపోలేరు. 2018 డిసెంబరులో మేమూ అలాగే గాల్వెస్టన్ రేవులో ఓడెక్కాం. నాలుగు కుటుంబాలు, ఏడు రాత్రులు. మా ఇంటి నుంచి నేను, మా ఆవిడ, మా అబ్బాయి, ఎనభై రెండేళ్ళ మా అమ్మ.

అందరూ స్విమ్మింగ్ సూట్లు సర్దుకుంటుంటే నేను పుస్తకాలు సర్దుకున్నాను. ఏడు రోజుల్లో మూడు రోజులు ఒడ్డు కనబడదు. ఫోను మోగదు. ఇరవై ఏళ్ళుగా "తీరికైనప్పుడు చదువుదాం" అని దాచుకున్నవన్నీ చదివెయ్యొచ్చని ఆశ. ఓడలోనూ లైబ్రరీ ఉందన్నారు. వెళ్ళి చూస్తే రెండు అద్దాల బీరువాలు, వాటి నిండా సన్‌స్క్రీన్ మరకలు పడ్డ థ్రిల్లర్లు, కొన్ని జర్మన్ నవలలు, సగం ముక్కలు పోయిన ఒక జిగ్సా పజిలు. సొంత సరుకు తెచ్చుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఓడలో చదవడం ఇంట్లో చదవడంలాంటిది కాదని మొదటి రోజే తెలిసింది. పది నిమిషాలకొకసారి మైకులో ప్రకటన. పావుగంటకొకసారి "అంకుల్, టీ తాగుదాం రండి" అని పిలుపు. మనసు ఖాళీగా ఉంటుందనుకుంటాం గానీ ఖాళీగా ఉండదు, వదులుగా ఉంటుంది. బరువైన పుస్తకం అందులోంచి జారిపోతుంది, తేలికపాటిది ఎగిరిపోతుంది. నేను తీసుకెళ్ళిన అయిదింటికీ అక్కడ పరీక్ష జరిగింది. ఏది ఎలా గట్టెక్కిందో చెప్తాను.

మొదట హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథ, 'ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ'. 1952 నాటి చిన్న పుస్తకం. మేం వెళ్ళే దారికి క్యూబా ఎంతో దూరం కాదు కదా, సరిగ్గా సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఎనభై నాలుగు రోజులు చేప దొరకని ముసలాయన చిన్న పడవలో నీళ్ళకు జానెడు ఎత్తున కూచుని ఉంటాడు. చేతులు కోసుకుపోతుంటాయి. మేం పదో అంతస్తు బాల్కనీలో కూచుని ఉన్నాం. అక్కణ్ణించి సముద్రం ఆరేసిన నీలం దుప్పటిలా కనబడుతుంది. ఉప్పు వాసన కూడా పైదాకా రాదు. తప్పు పుస్తకానిది కాదు. ఆయన సముద్రమూ మా సముద్రమూ ఒకటి కావు, అంతే.

రెండోది డేవిడ్ ఫాస్టర్ వాలెస్ వ్యాసం. 1995లో హార్పర్స్ పత్రిక ఆయన్ని ఒక క్రూజ్‌కి పంపించింది. ఆయన తిరిగొచ్చి, ఇలాంటి సరదా పని జన్మలో మళ్ళీ చెయ్యనన్న అర్థం వచ్చే పేరుతో పెద్ద వ్యాసం రాశాడు. అతిగా సేవలందుకున్న మనిషి పసిపిల్లాడిలా తయారవుతాడని, ఇంకా ఇంకా కావాలని ఏడుస్తాడని ఆయన పట్టుకున్న మాట నిజం. పొద్దున్న ఆమ్లెట్ దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు నాకు అది గుర్తొచ్చి సిగ్గేసింది. కానీ కొన్ని పేజీలు దాటాక ఒక అలసట వస్తుంది. ఆయన చూపు పదునైనదే, అయితే ఎప్పుడూ పక్కన నిలబడి చూసే చూపు. తోటి ప్రయాణికులు ఆయనకు నమూనాలు. ఆయన్ని చదివాక నేనూ మా భోజనాల బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని అలాగే చూడటం మొదలుపెట్టాను. అది మంచి అలవాటు కాదని తర్వాత తెలిసింది.

మూడోది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మదరాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఆయన 1830 మేలో బయల్దేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరుకు ఇల్లు చేరాడు. వెంట వందమంది దాకా జనం. బోయీలు, వంటవాళ్ళు, డేరాలు. ఒకరకంగా అదీ ఒక క్రూజే, నేలమీద నడిచే క్రూజ్. రోజువారీ రాత కనుక ఎక్కడ మూసినా ఎక్కడ తెరిచినా నష్టం లేదు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అని ఊరూరా రాస్తూ పోతాడు. ఇంట్లో చదివినప్పుడు ఆ జాబితాలు విసుగనిపించాయి. ఓడలో అవే నచ్చాయి. మా ఓడలో తాగేనీళ్ళు సముద్రం నీళ్ళలోంచే తీస్తారని నాకు నాలుగోరోజు దాకా తెలియదు, అడగాలనీ తోచలేదు. ఆయనకి తనతో వచ్చే వందమంది దాహం సంగతి తెలుసు.

నాలుగోది సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. నూరు కథలు, ఒక్కోటి రెండుమూడు పేజీలు. రెండు ప్రకటనల మధ్య ఒక కథ అయిపోతుంది. అయితే ఒక హెచ్చరిక. రోజుకు రెండు చదివితే కృష్ణ ఒడ్డున కూచున్నట్టుంటుంది. ఏడెనిమిది వరసగా చదివితే చివరి వాక్యం దగ్గర కథ ఎటు తిరుగుతుందో ముందే తెలిసిపోతుంది. సున్నుండలు ఎంత బావున్నా డబ్బా మొత్తం తినలేం కదా.

సున్నుండలంటే అసలు విషయం గుర్తొచ్చింది. మొదటిరోజు ఓడ కదిలేముందు భద్రతా కసరత్తు ఒకటి పెట్టారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడగానే అందరూ చెప్పిన చోటికి చేరాలన్నారు. అది ఉత్తుత్తిదేనని అమ్మకు చెప్పడం మర్చిపోయాం. అందరం చేతులూపుకుంటూ వెళ్ళి నిలబడితే, వెనకాల మా ఆవిడ చెయ్యి పట్టుకుని అమ్మ వచ్చింది. భుజాన సంచి. అందులో మందులు, పాస్‌పోర్టు, నాన్నగారి ఫోటో, సున్నుండల డబ్బా.

"ఓడ మునిగిపోతుంటే సున్నుండలెందుకండీ పిన్నిగారూ?" అన్నాడు మా మిత్రుడు.

"ఆ చిన్నపడవలో ఎన్నాళ్ళుండాలో ఎవరికి తెలుసు నాయనా? ఆకలెయ్యదూ?" అంది అమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ రెండు బ్రెడ్డు ముక్కలు పొద్దుటికని రుమాల్లో చుట్టుకుంటుంటే, "అమ్మా, ఊరుకో, అందరూ చూస్తున్నారు" అని కసిరాను కూడా. ఆవిడ రుమాలు విప్పి ముక్కలు మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఇంకేమీ అనలేదు.

అయిదో పుస్తకం మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'. నిజానికి దాన్ని నా కోసం తేలేదు. ఏమీ తోచనప్పుడు అమ్మ చదువుకుంటుందని పెట్టాను. మూడోరోజు మధ్యాహ్నం, "కళ్ళు లాగుతున్నాయిరా, నువ్వే చదివి పెట్టు" అంది. డెక్ మీద నీడపట్టున కూచుని చదవడం మొదలుపెట్టాను. మా అబ్బాయి పక్కన కుర్చీలో వాలి ఉన్నాడు. వాడికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు.

ఆ నవల మొదటి భాగం 1920లలో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకని బయల్దేరి, కొలంబోలో ఓడెక్కి, మార్సేల్స్‌లో దిగి, పారిస్, లండన్‌ల మీదుగా ఎడింబరో చేరతాడు. దారిపొడుగునా ఏదో ఒక పొరపాటు. నేను కాలేజీలో చదివినప్పుడు అది అమాయకుడి మీద హాస్యమనుకున్నాను. పైకి చదువుతుంటే వేరే సంగతి తెలిసింది. కథ చెప్పేది పార్వతీశమే. "నేను" అంటూ చెప్తాడు. కాబట్టి ప్రతి పొరపాటుకూ ముందు అతని ఆలోచన మనం వింటాం. ఆ ఆలోచనలో ఎక్కడా వెర్రితనం లేదు. తనకు తెలిసిన నియమాలతో సక్రమంగా లెక్కకట్టుకునే చేస్తాడు. నియమాలు వేరే ఊరివి, అదొక్కటే చిక్కు. ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకోవడం కూడా అలాంటిదే. దొరలు టోపీ పెట్టుకుంటారని తెలుసు, ఏ టోపీ ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

ఆ టోపీ దగ్గర అమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో తుడుచుకుని, "పాపం, వాడికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరురా" అంది.

నాకు పేజీ తిప్పబుద్ధి కాలేదు. ఉత్తుత్తి కసరత్తు అని అమ్మకు చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పకుండా, నవ్వేవాళ్ళలో చేరాను.

మాకు టీ తెచ్చే కుర్రాడొకడు తెలుగు వినబడి ఆగాడు. శ్రీకాకుళం వైపు వాడట. కాసేపు నిలబడి విని, "నేను మొదటిసారి విమానం ఎక్కినప్పుడు బెల్టు విప్పడం తెలీక అందరూ దిగేదాకా అలాగే కూచున్నానండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. మా అబ్బాయి లేచి కూచున్నాడు. "నాన్నా, నువ్వు వచ్చినప్పుడు ఏం చేశావ్?" అని అడిగాడు. పాతికేళ్ళలో వాడు నన్నడగని ప్రశ్న అది. నేను వచ్చిన మొదటి వారం లాండ్రోమాట్‌లో చేసిన ఘనకార్యం చెప్పాను. ఇక్కడ రాయను, మా అబ్బాయికి తెలుసు, చాలు.

పార్వతీశం గొప్పతనం ఇదేననుకుంటాను. వాలెస్ ఇతరుల్ని చూసి నవ్విస్తాడు, తనని కూడా కొంత కలుపుకుంటాడు గానీ తెలివి తక్కువవాడిగా కనబడటానికి ఒప్పుకోడు. మొక్కపాటి కథ చెప్పేవాణ్ణే ముందు నిలబెట్టి నవ్విస్తాడు. ఆ నవ్వు విన్నవాళ్ళు తమ కథలు బయటపెట్టగలుగుతారు. మంచి హాస్యానికి నేను పెట్టుకునే పరీక్ష ఇప్పుడు ఇదే.

అలాగని పుస్తకం లోపాలు కప్పిపుచ్చను. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన రెండు, మూడు భాగాల్లో ఆ ఊపు లేదు. పార్వతీశానికి అన్నీ తెలిసిపోతాయి. మర్యాదస్థుడవుతాడు, తిరిగొచ్చి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళతాడు. అన్నీ మంచి పనులే. కానీ తెలియనితనమే ఆ కథకి ఇంజను. అది ఆగాక ఓడ తేలుతుంది గానీ కదలదు. ఓడలోకి మొదటి భాగం ఒక్కటి తీసుకెళ్తే చాలు.

ఇంకొకటి ఆ శ్రీకాకుళం కుర్రాడు వెళ్ళాక తోచింది. మన సాహిత్యంలో ఓడ అనగానే పార్వతీశం ఓడే గుర్తొస్తుంది. కానీ అతనికి అరవై ఏళ్ళ ముందే, 1860 నవంబరు 16న, 'ట్రూరో' అనే ఓడ మదరాసు నుంచి కూలీలను డర్బన్‌లో దింపింది. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. మారిషస్‌కి, బర్మాకి వెళ్ళినవాళ్ళున్నారు. కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్ళకు పేరైపోయింది. వాళ్ళూ తెలియని నియమాల మధ్యకే వెళ్ళారు. పొరపాటు చేస్తే వాళ్ళకు నవ్వులు కాదు, దెబ్బలు. పొరపాట్లు తలుచుకుని నవ్వుకోవాలంటే వెనక్కి రావడానికి ఇల్లూ, టిక్కెట్టుకి డబ్బూ ఉండాలి. పార్వతీశానికి ఉన్నాయి, నాకూ ఉన్నాయి. తిరిగొచ్చాక అమితవ్ ఘోష్ 2008లో రాసిన 'సీ ఆఫ్ పాపీస్' చదివాను. కలకత్తా నుంచి మారిషస్‌కి కూలీలను మోసుకెళ్ళే ఓడ కథ. పార్వతీశం పక్కనే దాన్నీ పెట్టుకుంటే ప్రయాణం పూర్తవుతుంది.

కాబట్టి నా సలహా ఇది. ఓడలో చదవడానికి కొత్త పుస్తకం, లావు పుస్తకం, అందరూ మెచ్చిన పుస్తకం వెతక్కండి. పైకి చదవగలిగేది, మూడు తరాలు ఒకచోట కూచుని వినగలిగేది ఒకటి పట్టుకెళ్ళండి. చదవడం రాని పిల్లలకూ, కళ్ళు కనబడని పెద్దలకూ అక్కడ తీరిక ఒకేసారి దొరుకుతుంది. ఇళ్ళల్లో అలా దొరకదు.

చివరి రోజు నేను ఒక ఆఫీసరుని అడిగాను, ఆ వేలాడే పడవల్లో ఏముంటాయని. తాగేనీళ్ళు, ఎండు బిస్కట్లలాంటి తిండి, మందుల పెట్టె అన్నాడు. ఆ మాట అమ్మకు చెప్పాను. "మరి? నేనేమన్నాను?" అని సంచిలోంచి డబ్బా తీసింది. మూడు సున్నుండలు మిగిలాయి. ఒకటి నాకిచ్చింది.