దాచకుండా చెప్పిన నేరం

నేరకథ రాసేవాళ్లలో చాలామంది ముందుగా ట్విస్టు వెతుక్కుంటారు. హంతకులెవరో చివరి రీలుదాకా దాచిపెడితేనే సస్పెన్సు పండుతుందని వాళ్ల నమ్మకం. ‘టూ లేట్ ఫర్ టియర్స్’ చూశాక నాకు ఆ నమ్మకం పోయింది. 1949లో బైరన్ హాస్కిన్ తీసిన ఈ సినిమా మన దగ్గర చూసినవాళ్లు తక్కువ.

లాస్ ఏంజెలస్ కొండదారిలో రాత్రిపూట కారులో భార్యాభర్తలు. పార్టీకి వెళ్లడం భార్య జేన్‌కి ఇష్టం లేదు, కారు వెనక్కి తిప్పమంటుంది. ఆ పెనుగులాటలో హెడ్‌లైట్లు ఆరి వెలుగుతాయి. అటుగా వచ్చిన కారువాళ్లు అది తమకిచ్చిన సైగ అనుకుని ఒక సంచి విసిరేసి పోతారు. లోపల 60 వేల డాలర్లు! పోలీసులకు అప్పగిద్దామంటాడు భర్త ఆలన్. ఆమె ససేమిరా అంటుంది. చివరికి సంచి యూనియన్ స్టేషన్ క్లోక్‌రూమ్‌కి చేరుతుంది.

జేన్ తిండికి లేని మనిషి కాదు. పక్కవాళ్లతో సమానంగా బతకలేకపోతున్నామన్న కడుపుమంట ఆమెది. ఆ మంట మనకు తెలియనిదా?

సినిమాకి ప్రాణం పడవ సీను. భర్తని చంపాలనే సరస్సు మీదికి తీసుకెళ్తుంది. తీరా అక్కడికెళ్లాక ధైర్యం చాలదు, వెనక్కి వెళ్దామంటుంది. సరిగ్గా అప్పుడే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న పిస్తోలు అతని కంటపడుతుంది. పెనుగులాట, కాల్పు. మనసు మార్చుకున్న క్షణంలోనే హంతకురాలైపోయింది! ఆ తర్వాత, సంచిలోని డబ్బు కోసం అంతకుముందే వచ్చిన డానీ, ఆలన్ కోటూ టోపీ వేసుకుని, ఒడ్డున చూసేవాళ్లకి భర్తలా కనిపిస్తూ ఆమెతో నడిచిపోతాడు. అన్నీ మనకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టే చూస్తాం, ఎందుకంటే ఆమె తర్వాత ఏ అబద్ధం ఆడుతుందో తెలియదు.

జేన్‌గా వేసిన లిజబెత్ స్కాట్ అబద్ధమాడేటప్పుడు కళ్లు తిప్పదు, తడబడదు. ఆ బొంగురు గొంతు ఎప్పటిలాగే ఉంటుంది. డానీగా వేసిన డాన్ డురియే మొదట ఆమెని చెంపదెబ్బ కొట్టిన రౌడీ. పోనుపోను ఆమెని చూసే బెదిరి తాగుడులో పడతాడు. విలన్‌ని భయపెట్టి నాయిక ఎంత ప్రమాదకరమో చెప్పడం గొప్ప రచన. ఆ ఘనత తన నవలకి తానే స్క్రీన్‌ప్లే రాసుకున్న రాయ్ హగ్గిన్స్‌ది.

అయితే సినిమా చివరిదాకా దాచిన రహస్యం ఒకటుంది: భర్త స్నేహితుడినంటూ వచ్చే బ్లేక్ ఎవరన్నది. నా దృష్టిలో కథలో అన్నిటికన్నా బలహీనమైన ముడి అదే.

అమెరికాలో కాపీరైటు లేకపోవడంతో చాలాకాలం అరిగిపోయిన ప్రింట్లే తిరిగాయి. 2014లో యూసీఎల్ఏ ఫిల్మ్ ఆర్కైవ్, ఫిల్మ్ నోయిర్ ఫౌండేషన్ కలిసి దీన్ని పునరుద్ధరించాయి. చూస్తే ఆ ప్రింటే చూడండి. నేరకథలు రాసే మిత్రులారా, పడవ సీను రెండోసారి శబ్దం ఆపేసి చూడండి.