పుటయందలి నిలువు అమరికయు తెలుగు పద్యమును

తెలుగు పద్యమునకు చెవియే ప్రమాణము. గణములు, యతి, ప్రాస యనునవి యన్నియు చెవికి సంబంధించిన నియమములు. పద్యము పుటయందెట్లు నిలువవలయునో లక్షణకర్తలు విధింపలేదు. విధింపవలసిన యవసరము వారికి కలుగనులేదు. శిలాశాసనములందును తాళపత్రములందును పద్యము సాధారణముగా వచనమువలె ఎడతెగక సాగును. క్రీ.శ. 848 ప్రాంతపు అద్దంకి శాసనమున తరువోజ కలదనియు, కుర్క్యాల చెంత బొమ్మలమ్మగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనమున కందములు కలవనియు మనకు తెలిసినది ఛందస్సు నెరిగిన పండితులు చదివి చెప్పుటచేతనే గాని, రాతిపై పంక్తుల అమరికను చూచి కాదు. తాటియాకు వెడల్పు మిక్కిలి, నిలువు స్వల్పము. అందు ఆకును పొదుపుగా వాడుకొనుటయే లేఖకుని ధర్మము.

పద్యమునకు నిలువు రూపము నిచ్చినది అచ్చు. 1746-47 ప్రాంతమున జర్మనీ దేశపు హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకముల నచ్చువేయించినది మొదలు పందొమ్మిదవ శతాబ్దపు చెన్నపట్టణపు ముద్రణాలయముల వరకు జరిగిన చరిత్ర సుప్రసిద్ధమే గనుక దానిని విస్తరింపము. మనకు కావలసినది ఆ ముద్రణముల ఫలితము. పాదమున కొక్క పంక్తి, ఎడమ అంచున 'ఉ.', 'చ.', 'కం.', 'సీ.', 'వ.' అను సంకేతములు, తుదిని పద్యసంఖ్య. ఈ పద్ధతి చంపూకావ్యమును చదువు తీరునే మార్చినది. పుటను తెరచినంతనే పాఠకుని కన్ను ఎడమ అంచు వెంట పైనుండి క్రిందికి దిగును. ఎచట వచనము దట్టముగా నున్నదో, ఎచట కందము చిన్నదిగా తళుక్కుమన్నదో, ఎచట సీసము దీర్ఘముగా పరచుకొన్నదో ఒక్క శబ్దమైన చదువకమున్నే తెలియును. కవి వృత్తమును మార్చిన చోటు కంటికి గోచరించుట అచ్చు చేసిన మేలు. ఇది కావ్యమునకు బాహ్యమైన యలంకారమని కొందరు తలంతురు. గద్యపద్యముల నిష్పత్తిని బట్టి కథాకథనమును విమర్శించు విద్యార్థికి ఈ నిలువు రూపమే మొదటి సాధనమగుచుండగా దానిని బాహ్యమనుటకు మేమంగీకరింపము.

ఈ రూపమును కాపాడినవాడు పూర్వము కంపోజిటరు. పంక్తికిని పంక్తికిని నడుమ సీసపు రేకులను చొప్పించి, పద్యమునకును పద్యమునకును నడుమ కొంచె మెక్కువ ఎడమిచ్చి, పుట నిండనిచో ఆ లోటు నెచట పూడ్చవలయునో చేతితో నిర్ణయించెడివాడు. నేడు ఆ పని పరిశోధక విద్యార్థి చేతికే వచ్చినది. తన సిద్ధాంతగ్రంథమును తానే కంప్యూటరుపై టైపు చేసికొనుచున్నాడు. కంపోజిటరు చేతి యొడుపు మాత్ర మాతనికి ఎవ్వరును నేర్పలేదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ అను వర్డ్ ప్రాసెసరునందు పేజ్ సెటప్ అను పెట్టెలో లేఅవుట్ అను భాగమున వర్టికల్ అలైన్‌మెంట్ అను నొక యాజ్ఞ కలదు. అందు నాలుగు వికల్పములు: టాప్, సెంటర్, జస్టిఫైడ్, బాటమ్. మొదటిది విషయమును పై అంచునకు చేర్చును. రెండవది నడుమ నిలుపును. నాలుగవది అడుగునకు దింపును. మూడవది పై అంచునుండి క్రింది అంచువరకు పుట నిండునట్లు విషయమును సాగదీయును. ఈ యాజ్ఞ సెక్షను మొత్తమునకు వర్తించును. ముఖపత్ర మొక్కటియే నడుమ నిలువవలయునన్న దాని నొక ప్రత్యేక సెక్షనుగా విడదీయవలెను. అట్లు విడదీయక సెంటర్ అని యిచ్చిన గ్రంథమంతయు ఆ యాజ్ఞకు లోబడును. నిండిన పుటలందీ దోషము కనబడదు. అధ్యాయాంతమున సగమే నిండిన పుటలందు మాత్రము నాలుగైదు పంక్తులు పైనను క్రిందను ఆధారము లేక త్రిశంకువువలె వ్రేలాడును. కావుననే ఇది బైండింగు పూర్తియైన పిదప గాని బయటపడదు. ఈ చిక్కునకు జంకి మన విద్యార్థులలో పెక్కురు ఎంటర్ మీటను పదిపదునైదు మారులు నొక్కి శీర్షికను నడుమకు దింపుచున్నారు. ఫాంటు మారినచో ఆ ఖాళీ పంక్తుల యెత్తును మారి, శీర్షిక రెండవ పుటకు జారిపోవుట కలదు.

అసలు చిక్కు జస్టిఫైడ్ అను వికల్పమునందున్నది. పుట నిండించుటకు వలసిన ఖాళీని యంత్రము పేరాకును పేరాకును నడుమ పంచును. పేరాలోని పంక్తుల నడిమి యెడమును ముట్టదు. ఆంగ్లవచనమునకిది యుక్తమే. మరి తెలుగు పద్యమున పేరా యనగా నేమి? విద్యార్థి పాదాంతమున ఎంటర్ నొక్కును. ఎంటర్ నొక్కినచోటనెల్ల పేరా ముగిసినదని యంత్రము గ్రహించును. ఆ లెక్కను ఉత్పలమాల నాలుగు పేరాలు! యంత్రము నాలుగు పాదముల నడుమను సమానముగ ఖాళీని చొప్పించును. పద్యమునకును దాని తరువాతి వచనమునకును నడుమ కూడ అంతియే ఖాళీ నిచ్చును. ఇట్లు పద్యము ఒక్క వస్తువుగా నిలువక నాలుగు వాక్యములుగా విచ్చిపోవును. మూడవ పాదమునుండి నాలుగవ పాదమునకు అన్వయము ప్రాకు పద్యములందు ఈ వికృతి మరింత బాధాకరము. చెవి విరామము కోరని చోట కన్ను విరమించుచున్నది.

పాదాంతమున ఎంటర్ నొక్కక షిఫ్ట్‌తో కూడ ఎంటర్ నొక్కవలెను. అపుడు పంక్తి మారును గాని పేరా ముగియదు. పద్యాంతముననే ఎంటర్ నొక్కిన, యంత్రము దృష్టిలో పేరాయు, మన దృష్టిలో పద్యమును ఒక్కటియగును. అట్టి పేరాకు రెండు ప్రక్కల అంచులను సమము చేయు అడ్డు అమరికను మాత్ర మీయరాదు. ఇచ్చినచో పొట్టి పాదములు అంచువరకు సాగి అక్షరముల నడుమ కందకము లేర్పడును. పద్యమున కెడమ అంచు అమరికయే తగినది.

ఇందు మరియొక లాభము కలదు. ఒంటి పంక్తి పుట అడుగునగాని పైనగాని మిగులకుండ కాచు నియమ మొకటి వర్డ్‌నందున్నది. అది పేరాలోని పంక్తులకే వర్తించును. పాదమున కొక పేరాగా టైపు చేసినపుడు ప్రతి పేరాయు ఏకపంక్తియే గనుక ఆ నియమము పద్యమును కాపాడజాలదు. పద్యమొక్క పేరాయైనను ఆ నియమము చాలదు, నాలుగు పాదములు రెండు రెండుగా విరుగవచ్చును. కావున 'కీప్ లైన్స్ టుగెదర్' అను వికల్పమును గూడ ఎన్నుకొనవలెను. సీసమునకు పాదమున కిరుపంక్తుల చొప్పున ఎనిమిదియు, ఎత్తుగీతికి నాలుగును, వెరసి పండ్రెండు పంక్తులు. సీస మొక పుటను, ఎత్తుగీతి మరియొక పుటను ముద్రితమైన సిద్ధాంతగ్రంథముల నెన్నింటినో మేము చూచితిమి. సీసపు పాదములు ఎక్కించిన భావమును ఎత్తుగీతి దింపవలసియుండగా పాఠకుడు నడుమ కాగితము త్రిప్పుకొనుచుండును.

1978లో ప్రకటితమైన టెక్ అను అక్షరసంయోజన వ్యవస్థయందు డొనాల్డ్ నూత్ ఈ విషయమును సూక్ష్మముగ నాలోచించెను. అందు ఖాళీ యనునది జడము కాదు. ఏ ఖాళీ ఎంత సాగవచ్చునో, ఎంత కుదియవచ్చునో గ్రంథకర్త ముందుగనే చెప్పవచ్చును. పద్యమునకును వచనమునకును నడుమ సాగుడు, పాదముల నడుమ బిగువు అని విధించుట కందవకాశము కలదు. తెలుగు శాఖలలో దీనిని నేర్చినవారు అరుదు.

పుట యొక్క నిలువు పంక్తితోను, పంక్తి నిలువు అక్షరముతోను ఆరంభమగును. తెలుగు అక్షరము కేవలము ప్రక్కప్రక్కల పేర్చు వస్తువు కాదు. గుడి, పొల్లు మీదికి, ఒత్తు క్రిందికి పోవును. దీనికి మాకు సమీపమునందలి ఊరి పేరొకటి మంచి నిదర్శనము. సంగారెడ్డి జిల్లాలో సుల్తాన్‌పూర్ అను పేర రెండూళ్ళు కలవు. వానిలో నొకదానియందు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి ఇంజనీరింగు కళాశాల 2012లో ఏర్పడినది. అమీన్‌పూర్ మండలమునందలిది ఔటర్ రింగ్‌రోడ్డు చెంత నున్నది. అచట 2017లో వైద్యపరికరముల పారిశ్రామికవాడకు శంకుస్థాపన జరిగినది. ఇది పటాన్‌చెరు పారిశ్రామిక మండలపు పరిసరమే. (కల్యాణి చాళుక్యుల కాలపు పొట్టలకెరె ఈ పటాన్‌చెరువేయని చరిత్రకారుల నిర్ణయము.)

ఈ పేరును సుల్తాన్‌పూర్ అని వ్రాసిన క్రిందికి తకారపు ఒత్తొక్కటి దిగును, మీదికి రెండు పొల్లు లెగయును. సుల్తాన్పూర్ అని వ్రాసిన రెండొత్తులు క్రిందికి దిగును, పొల్లొక్కటియే మిగులును. అంతేకాదు, పకారము ఒత్తై నకారము క్రింద నణగుటచే దాని దీర్ఘము నకారమునకు సంక్రమించి, తెలియనివాడు మొదట 'నూ' అని చూచి పిదప దిద్దుకొనవలసివచ్చును. ఉచ్చారణ యొక్కటియే, బరువు మాత్రము పంక్తి పైభాగమునుండి క్రిందిభాగమునకు మారినది. అమీన్‌పూర్, పటాన్‌చెరు అను పేర్లకు నిదే గతి. తెలుగు అజంతభాష, దేశ్యపదములందిట్టి హలంతము నడుమ వచ్చుట లేదు గనుక మన ప్రాచీనలేఖకులకీ సమస్య ఎదురుపడినది తక్కువ. పారసీక, ఆంగ్లశబ్దములు ఊళ్ళకును కర్మాగారములకును పేర్లైనచోట ఇది అడుగడుగున నెదురగును.

1991లో యూనికోడ్ మొదటి ప్రతియందే తెలుగు చోటు చేసికొన్నది. ఆ విధానమున ఈ రెండు రూపములకును భేదము కంటికి కనబడని ఒక సంకేతము: పొల్లు తరువాత నిలిచి, రానున్న హల్లు ఒత్తు గాకుండ ఆపునది. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. పేజ్‌మేకరునందు అను ఫాంట్లతో కూర్చిన పాఠమును యూనికోడునకు మార్చునపుడు ఈ సంకేతము జారిపోవుట కవకాశము కలదు. చిత్తుప్రతులు దిద్దువాడు లేనిదానిని వెదకజాలడు గదా! ఊళ్ళ పేర్లపై పరిశోధించువారు ఈ యంశమున ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. పటమునందలి రూప మొకటియు, సూచికయందలి రూపము వేరొకటియునైన, ఒకే ఊరు రెండుగా లెక్కకు వచ్చును.

ఒత్తులు, గుడులు ఇమిడియుండుటకై తెలుగు ఫాంటులలో పంక్తి యెత్తును అధికముగా నుంచుదురు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమికిని, తరువాతి వాణి, నిర్మల యను వానికిని, దేశికాచారిగారి పోతన 2000కును ఈ కొలత యొక్కటి కాదు. ఒక యంత్రమున నొక ఫాంటుతో కూర్చిన గ్రంథమును ఆ ఫాంటు లేని మరియొక యంత్రమున తెరచినచో పంక్తుల యెత్తు మారి, పుటలు జరిగి, విషయసూచికయందలి పుటసంఖ్యలన్నియు అబద్ధములగును. పుటసంఖ్యయే ఆధారముగా పూర్వపక్షసిద్ధాంతములు నడచు మన విద్యకిది చిన్న హాని కాదు. పంక్తిలో పెద్ద యెత్తుగల ఫాంటును బట్టి ఎడమును నిర్ణయించు పద్ధతియందు, ఆంగ్ల ఫాంటులోని అంకెలు మాత్రమే యున్న పంక్తి పొట్టిదై, తెలుగు పంక్తి పొడవై పుట మెట్లు మెట్లుగా కానవచ్చును. ఆ వికారమును మాన్పుటకై పంక్తి యెత్తును నిర్ణీతసంఖ్యగా బిగించినచో కార్త్స్న్యము, స్వాతంత్ర్యము వంటి పదములకు తలయో కాలో తెగును. బిగించుట మంచిదే, అయితే కొలతను గ్రంథమునందలి అత్యంత నిమ్నమైన సంయుక్తాక్షరమును బట్టి నిర్ణయింపవలెను.

ముఖపత్రమును నడుమ నిలుపుటయందును ఈ రహస్యమే పనిచేయును. యంత్రము కొలుచునది సిరాను గాదు, పంక్తి పెట్టెను. తుదిపంక్తిలో ఒత్తు లేనపుడు ఒత్తుకై కేటాయించిన చోటు రిక్తముగా మిగిలి, శీర్షిక కొంచెము మీదికి జరిగినట్లు తోచును. కంటికి నడిమి భాగము గణితపు నడుమకంటె కొంచెము మీదనే యుండుననుట శిల్పులెరిగినదే గావున ఈ జరుగుట యొకప్పు డందమే.

వచనకవిత విషయము వేరు. 1950లో గ్రంథరూపమున వెలువడిన మహాప్రస్థానమునందు పంక్తుల విరుపులు, చరణముల నడిమి ఖాళీలు కవి చేసినవి. 1981లో లండనునందు శ్రీశ్రీ స్వహస్తలిపితోడనే ఆ కావ్యము వెలువడినది గనుక కవి ఎచట ఎంత చోటు విడిచెనో పోల్చిచూచుట కవకాశము కలదు. ఇట్టి కవితను ఉదాహరించునపుడు జస్టిఫైడ్ వికల్పము ఏ విధముగను తగదు. ఛందోబద్ధపద్యమున ఖాళీ చెదరిన గణములు నిలుచును, పాఠకుడు సవరించుకొనును. వచనకవితలో ఖాళీయే ఛందస్సు. అది చెదరిన పాఠభేదమే. చక్ర, నాగబంధములు వ్రాసిన చిత్రకవులకు మాత్రము ఈ మర్మము పూర్వమే తెలియును, వారికి స్థానమే శ్లేష.

ఇదంతయు టైపు చేయువాని పని, పండితుని పని కాదను మాట మన శాఖలయందు వినవచ్చుచున్నది. పరిష్కర్త అర్ధానుస్వారమున్నచోటు లేనిచోటు విచారించి పీఠిక వ్రాయును. సీసమును ఎత్తుగీతిని వేరుచేసిన పుటను గూర్చి మాటాడడు. మా యభిప్రాయమున పద్యములను అధికముగా ఉదాహరించు సిద్ధాంతగ్రంథములకు టాప్ అను వికల్పమే శరణ్యము. పుట అడుగున సీసమునకు చోటు చాలనిచో ఆ సీసమును తరువాతి పుటకు పంపి, ఆ పది పంక్తుల చోటును ఖాళీగానే విడువవలెను. పరీక్షకులు కాగితము వ్యర్థమైనదని యాక్షేపింతురేమో, ఆక్షేపింపనిండు.