షేక్‌పేట దాకా దిగని కథ

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టోరీ సిట్టింగుల్లో ముస్లిం పాత్ర దగ్గరికొచ్చేసరికి కథ ఆగిపోతుంది. ఇక కలానికి తోచేవి తరచూ రెండే దార్లు: బాంబు పెట్టేవాడు, దేశభక్తి నిరూపించుకునేవాడు. 2002 నాటి 'ఖడ్గం'లో ఆ ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములు! మంచివాడైన అమ్జద్ కూడా పరీక్షకు నిలబడ్డవాడే.

మా కలాలూ ఆగుతాయి. ఇంట్లో ఉర్దూలో పడ్డ పోట్లాటను తెలుగులో ఎట్లా రాయాలి? అమ్మీని అమ్మ అని రాస్తే ఆమె మా అమ్మీయేనా? 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఈ ముడి విప్పాయి. నెల్లూరు తెలుగులోనే ముస్లిం ఇల్లు మాట్లాడింది, ఎవరికీ ఏ రుజువూ చూపకుండా.

కథ కదలకపోతే ఫిల్మ్‌నగర్ గుట్ట దిగండి. కిందనే షేక్‌పేట. ఆ ఇళ్లల్లో అప్పులున్నాయి, ఆడపిల్లల చదువులున్నాయి, అన్నదమ్ముల అలకలున్నాయి. మేం అడిగేది మంచి ముస్లిమును కాదు, మామూలు మనిషిని.