అమ్మిన భూమి, తీరని ఋణము

పూర్ణా మార్కెట్టులో కూరలు బేరమాడునప్పుడు వాని వెల మనకు తెలియును. అవి పండిన మడిచెక్కకు వెల యెవ్వరు కట్టిరి? ఈ ప్రశ్ననే విశాఖపట్టణమున ఉపాధ్యాయులుగా నుండిన కాళీపట్నం రామారావుగారు ‘యజ్ఞం’ కథలో వేసిరి. అది చేరిన ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

అప్పల్రాముడు ఋణము తీర్చుటకై భూమిని వదలుకొన నొప్పుకొనును. లెక్క సక్రమమే, పెద్దల తీర్పు మర్యాదగలదే. కాని కొడుకు సీతారాముడు తన బిడ్డ బానిసతనమున పడకుండుటకై వానిని తానే చంపివేయును. ఈ ముగింపు అతిక్రూరమని కొంద రందురు. క్రూరమే, ఆ పనిని మేము సమర్థింపము. అయినను అంతకు ముందే కథలో జరిగిన క్రూరత్వము చప్పుడు లేనిది గనుక మనకు కనబడలేదు. ముగింపు దానిని కనబరచినది. అదియే దాని యౌచిత్యము.

మనలో ననేకులము తాతలనాటి పెంకుటిల్లును, పసుల బీడును అమ్మి పట్టణము చేరినవారము. మనకు జీత మున్నది గనుక అమ్మకము సౌకర్యమైనది. జీతము లేనివానికి భూమి పోయినచో స్వాతంత్ర్యమే పోవును. దస్తావేజుపై చేవ్రాలు చేయుటకు ముందు ఇంటిల్లిపాదియు ఈ కథ నొకసారి చదువుదురు గాక. ఆ పొలమున పాటుపడు కౌలుదారు, పాలేరు ఏమగుదురో కూడ ఆలోచింతురు గాక.