కొలువుమెట్లపై కాలిబంటు

ఆంధ్రదేశమున పెక్కుచోట్ల బొమ్మల కొలువు సంక్రాంతి వేడుక. తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో అది నవరాత్రుల వేడుక యైనది. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారి యిండ్లలో ఈ కొలువు కేవలము అలంకారము కాదు. బడిలో తెలుగు అక్షరములు నేర్వని పిల్లలకు అదియే తొలి చరిత్రపాఠము. కావున ఆ మెట్లపై నిలిచిన బొమ్మ నిజము చెప్పుచున్నదా, చెప్పు నిజమును అందముగా చెప్పుచున్నదా యని విచారించుట వ్యర్థప్రసంగము కాదని మా తలంపు.

దేవతామూర్తుల విషయమున వివాదము లేదు. వారి వర్ణములను, ఆయుధములను ధ్యానశ్లోకములే నిర్ణయించినవి. మధుర చేరువనున్న విళాచ్చేరిలో మట్టితోను, కాగితపు గుజ్జుతోను చేయు మూర్తులలో ఆ సంప్రదాయము నేటికిని నిలిచియున్నది. చిక్కంతయు రాజు వెనుక నడచు కాలిబంటు దగ్గఱనే. కృష్ణదేవరాయల యేనుగు ముందు ఎఱ్ఱకోటు తొడిగి, తుపాకి భుజమున నిడుకొని, ఒకే అచ్చున పోసిన పదిమంది సైనికులు నిలుచుట మేము పలు కొలువులలో చూచితిమి. రాయలు 1509 మొదలు 1529 వఱకు ఏలిన ప్రభువు. ఎఱ్ఱకోటు 18వ శతాబ్దపు ఇంగ్లీషు కంపెనీ సిపాయిది. 1799లో పాంచాలంకురిచ్చిపై దండెత్తి, తెలుగు మాటాడు వంశమున పుట్టిన కట్టబొమ్మ నాయకుని కయత్తారులో ఉరితీసినది ఆ కంపెనీ సేనయే. ఆ దుస్తులను మన రాయల బంటునకు తొడుగుట యెంత విపరీతము!

ఆధారములు లేవా యన్నచో, ఉన్నవి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు డొమింగో పయస్ మహానవమి వేడుకల తుదిని రాయలు జరిపిన సేనాసందర్శనమును వర్ణించినాడు. ఆతడు చూచిన డాళ్లలో కొన్నిటిపై వెండి బంగారు పూవులు, కొన్నిటిపై పులులు మున్నగు మృగములు. మఱికొన్ని ముఖము చూచుకొనదగినంత నునుపైన నల్లనివి. విలుకాండ్రు వేఱు, దళసరి అంగీల తుపాకివారు వేఱు. హంపిలోని హజారరామాలయపు ప్రాకారముపై నడచు శిలాసైన్యమును, లేపాక్షి కప్పుపై 16వ శతాబ్దపు చిత్రములలోని కుళ్లాయిలను, అంచువస్త్రములను నేటికిని చూడవచ్చును.

జపానులో మే 5వ తేదీన బాలుర పండుగకు వీరుల బొమ్మలను నిలుపుదురు. ఆ దేశపు పూర్వపు కాలిబంటును ‘అషిగారు’ అందురు. వానికి కవచమును ప్రభువే యిచ్చును. దానిపై ప్రభువు చిహ్నముండును. అందుచేత ఆ బంట్లను ఒకే తీరున చిత్రించుట సత్యమే. మన బంట్ల విషయమున భేదమే సత్యము. ఒక్క అచ్చుతో పనిముగించుట సోమరితనము.

అయినను సత్యమొక్కటే చాలదు. పయస్ మాట నమ్మి పది డాళ్లకును బంగారురంగు పూసినచో రాయల కిరీటమునకు వెలుగు మిగులదు. రెంటికి బంగారుపూవులు, రెంటికి పులులు, తక్కినవానికి నునుపైన నలుపు చాలును. ఇది ఆధారమునకు ద్రోహము కాదు, కంటికి శ్రమయు కాదు. నాలుగంగుళముల బొమ్మకు పంచెను తెల్లనితెలుపుతో నింపిన సున్నము కొట్టిన గోడవలె నుండును. తెలుపులో ఇంచుక పసుపుమన్ను కలిపి, మడతలలో పలుచని కావిరంగు దించిన అది బట్టగా కనబడును. కత్తికంతకు వెండిరంగు పూయక, బూడిదనలుపు వేసి అంచున నొక గీత గీసిన అది ఇనుమగును. మా సూత్రమిది: ఏమి ధరించెను, ఏమి పట్టెను అనుచోట చరిత్ర చెప్పినట్లు వినవలయును, ఎంత మెఱయవలయును అనుచోట అభిరుచి చెప్పినట్లు వినవలయును.

సత్యము పేర బంటునకు నెత్తురు పూయువారును కలరు. యుద్ధమున నెత్తురు నిజమే. కాని కొలువు మంగళస్థానము, రణరంగము కాదు. ఇక రాజునకు గులాబిరంగు మేను, బంటునకు కాటుకనలుపు మేను వేయుట సత్యమును కాదు, అభిరుచియు కాదు, ఉత్త దురభ్యాసము.

మధుర పుదుమండపమున నాయకరాజుల విగ్రహములు రాతిలో నిలిచియున్నవి. వారి సేనలతో కాలినడకన దక్షిణమునకు వచ్చినవారికి అట్టి విగ్రహములు లేవు. మనలో పెక్కుర వంశకథలు ఆ నడచివచ్చినవారితోనే మొదలగును. ఏడాదికి తొమ్మిదినాళ్లు కొలువుమెట్టుపై నిలుచు ఆ చిన్న బొమ్మయే వారికి ప్రతిమ. దానికి రంగు వేయువారు, దానిని కొనువారు, ఆ పాటి శ్రద్ధ చూపుట న్యాయము.