సీతారామరాజు నిర్యాణము: సాక్ష్యవిమర్శ

ప్రసిద్ధపురుషుని మరణముచుట్టును గథ అల్లుకొనుట లోకసహజము. కఱవునకుఁ బేరుపడిన మా అనంతపురసీమవా రిందుకొక నిదర్శన మెఱుఁగుదురు. ఒకప్పుడు దత్తమండలముల ప్రధాన కలెక్టరును, పిమ్మటఁ జెన్నపురి గవర్నరును నైన సర్ తామస్ మన్రో 1827 జూలై 6వ తేదిని పత్తికొండలో విషూచిచే మృతినొందెను. గుత్తిలో ఖననము చేయఁబడెను. గండిక్షేత్రమున ఆతఁడు బంగారుతోరణమును జూచెననియు, ఆసన్నమరణులకుఁ గాని యది కనఁబడదనియు జనులు చెప్పుకొందురు. ఈ కథ రోగమును గాదనదు. మరణమునకొక యర్థమును గల్పించును, అంతియే.

అల్లూరి సీతారామరాజు విషయమున నట్లు కాదు. 1924 మే 7వ తేదిని మంపయొద్ద జమాదారు కుంచుమీనను ఆతనిని బట్టుకొనెను. నాఁడే కొయ్యూరులో, మేజరు గుడాలు వశమున నుండఁగా, ఆతఁడు తుపాకిగుండునకు బలియయ్యెను. పాఱిపోఁ బ్రయత్నింపఁగాఁ గాల్చితిమని ప్రభుత్వపక్షము. చెట్టునకుఁ గట్టి కాల్చిరని జనపక్షము. చనిపోయినవాఁడు వేఱొకఁడు, రాజు తప్పించుకొని యజ్ఞాతముగా జీవించెనని మూఁడవపక్షము.

ఈ మూఁటిని ఒక్క రహస్యముగాఁ గలిపి చెప్పుట విమర్శలోపము. ఐర్లండు విప్లవనాయకుఁడు మైకేల్ కాలిన్సు 1922 ఆగస్టు 22వ తేదిని, అనఁగా రాజు చింతపల్లి ఠాణాను ముట్టడించిన దినముననే, కార్కు మండలమున మాటుదాడిలోఁ గూలెను. అచట సందేహము గుండు ఎవ్వరు పేల్చిరనునది. ఇచట గుండు ఏ పక్షముదో నిశ్చితమే. ఎట్టి స్థితిలోనున్నవానిపైఁ బేల్చిరనునదే ప్రశ్న.

మూఁడవపక్షమున భక్తి గలదు, సాక్ష్యము లేదు. రాజు సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 1924 జూనులో గంటముదొరయుఁ గూలెను, పితూరీ యణఁగెను, రాజు మఱల మన్యమునఁ గనఁబడలేదు. అంతకంటెఁ బెద్దదోష మొకటి కలదు. రాజు బ్రదికియుండెనన్నచో, బందీని విచారణలేక చంపిన యపరాధమే యుండదు. పాఱిపోవుచుండఁగాఁ గాల్చితిమన్న వాదము కోరునదియు నదియే. భక్తుల కథయుఁ బ్రభువుల కథయు భిన్నమార్గములఁ బోయి యొక్కచోటనే కలిసికొనుచున్నవి.

ప్రభుత్వపక్షమునకును జనపక్షమునకును సమ్మతములైన యంశములు మూఁడు: రాజు సజీవముగాఁ బట్టుబడుట, నాఁడే మరణించుట, నడుమ న్యాయస్థానమెదుటికిఁ గొనిపోఁబడకుండుట. ఆతఁడు కట్టఁబడియుండెనా, పరుగెత్తెనా యనునది తేలకున్నను ఈ మూఁడును నిలుచును. ఆతఁడు చావలేదన్న మాటను బండితులు బాలురకుఁ గథగాఁ జెప్పుదురుగాక. చరిత్రగాఁ జెప్పునపుడుమాత్రము, విచారణలేక చంపఁబడెనని స్పష్టముగాఁ జెప్పుటయే ఆతనికి మనము తీర్పవలసిన ఋణము.