గీత గీయని కొలత

మెటబాలిక్ సిండ్రోమ్‌ను తేల్చే లెక్క సులువే. నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, బీపీ, పరగడుపు షుగర్. ఈ ఐదింట్లో మూడు గీత దాటితే సిండ్రోమ్ ఉన్నట్టు. మన మగవాళ్ల నడుముకు గీత 90 సెంటీమీటర్లు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషికి బీపీ, షుగర్ రెండే ఇప్పటికే గీత దాటాయనుకోండి. నడుము 89 ఉంటే సిండ్రోమ్ లేదు, 91 అయితే ఉంది. ఆ రెండు సెంటీమీటర్లలో కొత్త జబ్బేమీ పుట్టదు. 2005లో అమెరికా, యూరప్ మధుమేహ సంఘాలు దీన్ని విడి జబ్బుగా చూడటాన్నే ప్రశ్నించాయి.

ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పని తెలుగు పల్లెల్లోనే జరిగింది. 1987–90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లను ఎంచుకుంది. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం అప్పటికి కొన్ని ఊళ్లకే చేరింది. 15 ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది, 14 ఊళ్లలో ఇంకా లేదు. ప్రయోగం కోసం ఎవరి కంచమూ లాక్కోలేదు. పథకం విస్తరిస్తున్న తీరునే పరీక్షగా మలుచుకున్న ఆ నేర్పుకు చేయెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక పరిశోధకుడు సంజయ్ కిన్రా బృందం 1,165 మందిని మళ్లీ పరీక్షించి, 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది. ఇందులోని పనితనం చూడండి. సిండ్రోమ్ ఉందా లేదా అని పిల్లల్ని రెండు గుంపులు చేయలేదు. ఒక్కో కొలతనూ దాని మొత్తం విస్తృతిలో చూశారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే. బీపీ, కొవ్వుల్లో మాత్రం గట్టి తేడా కనబడలేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు. గీతలు గీసి లెక్కపెట్టి ఉంటే, ఆ వయసు పిల్లల్లో ఇంత చిన్న మార్పు చేతికి చిక్కేది కాదు.

ఈ ఒక్క అధ్యయనంతో వాదం తేలిపోదు. అయినా అన్ని కొలతలూ ఒక్కటిగా కదలలేదన్నది గమనించాలి. హెచ్చరికగా సిండ్రోమ్ పేరు ఉండనివ్వండి, మనిషిని మాత్రం గీతలతో కాకుండా ఒక్కో కొలత లెక్కన చూడాలన్నది నా అభిప్రాయం.

గర్భంలో, పసితనంలో అందిన ఆహారం విలువ ఆ ఊళ్లలో కనబడింది కాబట్టి చివరగా ఒక మాట. ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికని, అంటే కోత పనులకని, గుంటూరు మిరప చేలకు వలసపోతాయి. గర్భిణులు, చంటిపిల్లలు కూడా వెంటే. అంగన్‌వాడీ ఆహారం వాళ్ల వెంట ఆ చేలదాకా వెళ్లేలా అధికారులు చూడాలి.